పసుపు చీటీ, ఎర్ర చీటీ

ఆ ఆదివారం పొద్దున మొగిలవ్వ వేసుకున్న పథకం చాలా చిన్నది. చిన్నకొడుకు, ఇద్దరు కోడళ్లు సారంగాపూర్‌లో పెళ్లికి పోయారు. వాళ్లు తిరిగి వచ్చేలోపు మనుమరాలు అలేఖ్యకు ఇంగ్లీషు మాటలన్నీ నోటికి రావాలి. అంతే. మిగతావి రోజూ ఉండే పనులే, చిక్కుడుకాయల ఈనెలు తీయడం, కోళ్లను వెళ్లగొట్టడం.

తెల్లారితే బడిలో మాటల పోటీ. సారు ఇంగ్లీషు మాట చెప్తాడు, పిల్లలు లేచి అర్థం చెప్పాలి. పోయినసారి అలేఖ్య నోరు తెరిచేలోపే పక్కింటి సర్వర్ బీ మనుమరాలు సుమయ్యా గబగబా అన్నీ చెప్పేసి మొదటి బహుమతి తెచ్చుకుంది. అదేమీ పెద్ద విషయం కాదు. పిల్లలన్నాక ఒకసారి గెలుస్తారు, ఒకసారి ఓడుతారు. కానీ ఆ సాయంత్రం సర్వర్ బీ గోడ మీదుగా ఖీర్ గిన్నె అందిస్తూ, "పాపం, మీ పిల్లకు గూడ అస్తయ్ తియ్యి మొగిలవ్వా, తొందరేమున్నది" అన్నది చూడండి, ఆ 'పాపం' అన్న మాట మొగిలవ్వకు ముల్లులా దిగింది. ఇంకా బయటికి రాలేదు.

కోరుట్లలో ఆ రెండు ఇళ్లకూ మధ్య ఉన్నది ఒకే గోడ. ఇద్దరూ కొత్త కోడళ్లుగా వచ్చినప్పటి నుంచి ఆ గోడ మీదుగా కూర గిన్నెలు, పురుళ్ల కబుర్లు, కోపతాపాలు అటూ ఇటూ పోతూనే ఉన్నాయి. ఒకరంటే ఒకరికి ప్రాణం. అందుకే ఒకరి ముందు ఒకరు తగ్గడమన్న మాట లేదు.

అలేఖ్య పొద్దున్నుంచి వసారాలో అటూ ఇటూ తిరుగుతూ మాటలు వల్లె వేస్తోంది. ఈ గడపకు పోయేసరికి వచ్చిన మాట, ఆ గడపకు వచ్చేసరికి పోతోంది.

"బాపమ్మా, నాకు అస్తలేవే. అన్నీ ఒక్క తీరే కొడుతున్నయ్."

మొగిలవ్వ చిక్కుడుకాయల చాట పక్కన పెట్టింది. ఆమెకు బడి ముఖమే తెలియదు. కానీ ఏ బర్రె ఏ వానకు ఈనింది, ఏ చుట్టం ఏ పెళ్లిలో ఎందుకు అలిగి విస్తరి ముందు నుంచి లేచాడు, అన్నీ నిన్న జరిగినట్టు చెప్పగలదు. "ఒట్టిగ మాట ఒక్కటే పట్టుకుంటే ఎట్లుంటది బిడ్డా? దానికి ఒక జాగ జూపియ్యాలె. నాకు జూడు, గా ఇత్తడి బిందెను జూస్తే మా మ్యానత్త యాదికస్తది, మ్యానత్త యాదికస్తే ఆమె తిట్లన్ని యాదికస్తయ్. ఒక్కొక్క మాటకు అర్థం జెప్పు, దాన్ని ఎక్కడ కూసోవెట్టాల్నో నేను జెప్త."

అలా మొదలైంది. అలేఖ్య రంగు కాగితాలు కత్తిరించింది. వచ్చిన మాటలు పసుపు చీటీల మీద, రాని మాటలు ఎర్ర చీటీల మీద ఇంగ్లీషు అక్షరాలతో రాసింది.

"స్టబర్న్ అంటే మొండి."

"మోటరుకు అతికియ్యి. నాలుగు తిట్లు తిట్టనిదే నీళ్లు పొయ్యది."

"రిలక్టెంట్ అంటే ఇష్టం లేకుంట, ఎనకముందాడుకుంట చేసుడు."

"కూలరు. తంతెగాని తిరుగది."

"ఏన్షియంట్ అంటే బాగ పాతది."

"నా సందుగ." మొగిలవ్వ ఆ పాత చెక్కపెట్టె వంక చూసి ఒక్క క్షణం ఆలోచించింది. "నాకు గూడ అతుకుతది గని, సందుగకే అతికియ్యి."

జెనరస్ అంటే ధారాళంగా పెట్టే గుణమని తెలిసి బియ్యం డ్రమ్ముకు పోయింది. ఫ్రజైల్ టీవీకి, ఐడిల్ చిన్నకొడుకు గంగాధర్ మంచానికి. ఎన్వీ అంటే ఓర్వలేనితనం అని అలేఖ్య చెప్పగానే మొగిలవ్వ సర్వర్ బీ ఇంటివైపు గోడను వేలితో చూపించింది. సూర్యుడు నడినెత్తికి రాకముందే ఫ్రిజ్, బీరువా, మిక్సీ, రోలు, కుట్టుమిషన్, ఇంట్లో చీటీ లేని వస్తువు లేకుండా అయింది. అలేఖ్య ఒక చుట్టు తిరిగి వస్తే మాటలన్నీ వరుసగా నోట్లోంచి రాలుతున్నాయి. మొగిలవ్వకు కడుపు నిండిపోయింది.

"గీ ఉపాయం ఎవ్వలకు జెప్పకు. మీ అమ్మకు గూడ. మీ అమ్మకు జెప్తే సుమయ్యా వాళ్లమ్మ ఫిర్దోస్‌కు జెప్తది, ఫిర్దోస్ అత్తకు జెప్తది. గంతే, సుమయ్యాకు ఎర్కైతది. ఒట్టెయ్యి."

అలేఖ్య ఒట్టేసింది. సరిగ్గా అప్పుడే సర్వర్ బీ పాల తోడు కోసం గిన్నె పట్టుకొని లోపలికి వచ్చింది.

గడప దాటింది, ఆగిపోయింది. ఫ్రిజ్‌కు పసుపు చీటీ. కూలరుకు ఎర్ర చీటీ. బీరువాకు పసుపు. మిక్సీకి ఎర్ర. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

దానికి కారణం ఉంది. మొగిలవ్వ తమ్ముడు హన్మండ్లు రుద్రంగిలో పెద్దమనిషి. అన్నదమ్ములు వేరుపడితే పంపకాలు చేయడంలో ఆయనది ఒక పద్ధతి. పెద్దవాడి వాటాకు పసుపు బొట్టు, చిన్నవాడి వాటాకు కుంకుమ బొట్టు పెడతాడు. ఏ వస్తువు ఎవరిదో గుడ్డివాడికి కూడా తెలియాలంటాడు. మొన్ననే వెనక వీధిలో ఒక ఇంటిని అలాగే రెండు చేసిపోయాడు. అదంతా సర్వర్ బీ కళ్లారా చూసింది.

"మొగిలవ్వా, ఏందే గిదంత?"

"ఏం లేదు." మొగిలవ్వ అడ్డం నిలబడింది. "ఇంట్ల ముచ్చట."

"పసుపు, ఎర్ర... గంత దాంక అచ్చిందా?"

"అచ్చింది తియ్యి. తెల్లారితే ఖతమైతది. నువ్వైతే ఎవ్వలకు జెప్పకు, నీకు దండం వెడత."

సర్వర్ బీ కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడకట్టు మొత్తంలో పెళ్లిళ్లయినా అన్నదమ్ముల పొయ్యి ఒక్కటిగా ఉన్న ఇల్లు మొగిలవ్వదే. పెద్దకొడుకు సంపత్ మస్కట్‌లో, చిన్నకొడుకు పొలం మీద, కోడళ్లిద్దరూ ఒకే కుండలో వండుకుంటారు. ఆ సంగతి మొగిలవ్వ కూరగాయల బండివాడిని కూడా చెప్పకుండా పంపదు. అలాంటి మనిషి తలవంచుకొని ఎవరికీ చెప్పొద్దంటోంది. సర్వర్ బీ తోడు సంగతి మరచి ఖాళీ గిన్నెతో ఇంటికి పోయింది.

ఆమె ఎవరికీ చెప్పలేదు. కొడుకు మహమూద్‌కు తప్ప. కొడుకంటే ఎవరో కాదు కదా. మహమూద్ కూడా ఎవరికీ చెప్పలేదు, సంపత్‌కు తప్ప. సంపత్ వాడి చిన్ననాటి దోస్తు. "భాయ్, నువ్వు గాడ ఉండంగనే గీడ సామాన్ల మీద చీటీలు వడ్డయ్" అని మస్కట్‌కు ఫోన్ కొట్టాడు. సంపత్ ఆ ఫోన్ పెట్టేసిన మరుక్షణం మేనమామ హన్మండ్లుకు ఫోన్ చేసి, "మామా, నువ్వు జెర ఉరుకు, ఇంట్ల పంపకాలట" అని ఏడ్చాడు. పంపకాలను ఆపమని వాడి ఉద్దేశం. పంపకాలని వినగానే హన్మండ్లు పసుపు పొట్లం, కుంకుమ పొట్లం జేబులో వేసుకొని బండి తీశాడు.

మొగిలవ్వ అన్నం వార్చుతుంటే వాకిట్లో బండి ఆగింది.

"అక్కా, నన్ను పిలువకుంటనే మొదలువెట్టినవా?" హన్మండ్లు చెప్పులు విడుస్తూనే చీటీలు చూశాడు. "ఫ్రిజ్ పెద్దోనికి, మిక్సీ చిన్నోనికి... గిది ఏం న్యాయమే? కూలరు ఒక్కనికేనాయె, ఎండకాలం ఇంకొకడు ఏం జేస్తడు?"

మొగిలవ్వకు అప్పుడు అర్థమైంది. నోరు తెరిచింది. అంతలోనే తలుపులో సర్వర్ బీ, ఆమె కొంగు పట్టుకొని సుమయ్యా, వెనకాల మహమూద్ కనిపించారు. తెరిచిన నోరు మూసుకుంది. ఉన్నమాట చెప్పాలంటే సుమయ్యా ముందే చెప్పాలి. చెప్తే ఉపాయం పోతుంది. అలేఖ్య బాపమ్మ ముఖంలోకి చూసింది. బాపమ్మ కళ్లతోనే ఒట్టు గుర్తుచేసింది.

"అవ్వా, ట్రాలీ తెచ్చిన, తాళ్లు గూడ తెచ్చిన," అన్నాడు మహమూద్ చేతులు కట్టుకొని. "బీరువా ముందుగల ఎక్కిద్దామా? మన ఇంటి పని, కిరాయి మాటెత్తకు."

"నీ ట్రాలీల మన్ను వడ, నువ్వు గమ్మున కూసో!"

ఈ సందడిలోనే పెళ్లివాళ్లు దిగారు. గంగాధర్, పెద్దకోడలు ఊర్మిల, చిన్నకోడలు రజిత ఆటో దిగేసరికి వాకిట్లో ట్రాలీ, ఇంట్లో పంచాయతీ. హన్మండ్లు మేనల్లుడి చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టి, ఫోన్‌లో సంపత్‌ను కలిపి, అందరికీ వినపడేలా మధ్యలో పెట్టాడు.

"మీ అవ్వ పంచింది, నేను సరిజేస్త. ఎవలకు ఏది గావాల్నో ఇప్పుడే చెప్పుండ్రి. ఎనుకసిరి నన్ను అనద్దు."

గంగాధర్ తల్లిని చూశాడు, చీటీలను చూశాడు. మామ చెయ్యి విడిపించుకున్నాడు. "నాకేమద్దు మామా. అన్న ఎండల కష్టపడి కొన్నయ్. అన్ని అన్నకే ఇయ్యి."

"నాకెందుకురా?" ఫోన్‌లోంచి సంపత్ అరిచాడు. "అవ్వను సూసుకునేటోనివి నువ్వు. అన్ని నువ్వే తీస్కో."

"నాకద్దంటే అద్దు!"

"అంటే నేను కొన్నయ్ నీకు పనికిరావా?"

"గట్లన్ననా నేను? మాటలు వెట్టకు!"

పుట్టిన దగ్గర నుంచి గట్టిగా ఒక మాట అనుకోని అన్నదమ్ములు, వద్దంటే వద్దని జుట్టు జుట్టు పట్టుకునేదాకా వచ్చారు. ఒకడు మస్కట్‌లో ఉండబట్టి సరిపోయింది. కోడళ్లు మాత్రం మరీ అంత ఉదారంగా లేరు. "మిక్సీ నేను పెట్టినట్టు ఎవ్వలు వెట్టరు" అని ఊర్మిల మెల్లగా అన్నది. "కుట్టుమిషన్ తొక్కేది నేనే గదా అక్కా" అని రజిత అంతకన్నా మెల్లగా అన్నది. తొలిసారి ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"అన్ని మంచిగనే ఉన్నయ్ గని," హన్మండ్లు గడ్డం గోక్కున్నాడు, "అక్క ఎవలకు?"

సర్వర్ బీ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ మొగిలవ్వ వెనక్కి వేలు చూపింది. "ఆమె ఈపు మీద గూడ చీటీ ఉన్నది. ఎర్రది."

మోటరు దగ్గర నీళ్లు పట్టినప్పుడు ఊడిన చీటీ మొగిలవ్వ చీరకు అంటుకొని పొద్దున్నుంచి ఇల్లంతా తిరుగుతోంది. "అయితే చిన్నోనికి," అన్నాడు హన్మండ్లు. ఫోన్‌లో సంపత్ ఏడుపు అందుకున్నాడు. హన్మండ్లు కుంకుమ పొట్లం విప్పి, వేలు ముంచి, వంటింట్లోకి నడిచాడు. "ఇగ మిగిలింది పొయ్యి."

నిజమే. పొయ్యి వేడికి చీటీ నిలవదని అలేఖ్య దాన్ని ఒక్కదాన్నే వదిలేసింది.

ఆ ఎర్రటి వేలు పొయ్యి మీదికి వంగుతుంటే మొగిలవ్వకు సుమయ్యా కనిపించలేదు, సర్వర్ బీ కనిపించలేదు, ఖీర్ గిన్నె, మాటల పోటీ ఏవీ కనిపించలేదు. ఒక్క ఉరుకున పోయి తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

"నా పొయ్యికి బొట్టు వెడితే నీ ఏలు ఇరుస్తరా! పంపకాలు లేవు, నీ బొంద లేదు! గవన్ని ఇంగ్లీషు మాటలు! రేపు పిల్లకు పరీక్ష!"

హన్మండ్లు కుంకుమ వేలు గాల్లోనే ఉంచుకొని అనుమానంగా చూశాడు. ఆయన ఎన్ని పంచాయతీలు చూశాడు! చివరి నిమిషంలో మాట మార్చిన వాళ్లను ఎంతమందిని చూశాడు!

"గంగాధర్‌కు ఇంగ్లీషస్తది గని ఆయన చిన్నోడు. అలేఖ్య పెద్దోని బిడ్డ. ఇద్దరి మాట చెల్లది. బయటి మనిషి ఎవలన్న సదువాలె." ఆయన చూపు ఇల్లంతా తిరిగి సుమయ్యా మీద ఆగింది. "నువ్వు రా బిడ్డా. ఒక్కొక్కటి సదివి, అర్థం జెప్పి, గది గీడ ఎందుకున్నదో గూడ జెప్పు. అప్పుడు నమ్ముత."

మొగిలవ్వ గోడకు చేరగిలబడింది. ఇక ఉపాయం దాగేది కాదు.

సుమయ్యా మొదలుపెట్టింది. బియ్యం డ్రమ్ము దగ్గర జెనరస్, టీవీ దగ్గర ఫ్రజైల్. కూలరు దగ్గరికి వచ్చి రిలక్టెంట్ అని చదివి ఆలోచనలో పడితే మహమూద్ దాన్ని ఒక్క తన్ను తన్ని చూపించాడు. పిల్ల పకపకా నవ్వి అర్థం పట్టేసింది. గంగాధర్ తన మంచం మీది చీటీ తానే చదువుకొని, "అవ్వా, గిది నీ పనేనా?" అన్నాడు. ఫోన్‌లో సంపత్ ఏడుపు నవ్వులోకి దిగింది. మొగిలవ్వ వీపు మీది చీటీ చదివి "మొండి" అనగానే హన్మండ్లు గట్టిగా తలూపాడు. ఆయన నమ్మకం కుదిరింది అక్కడే.

ఆఖరుకు సుమయ్యా గోడ దగ్గర నిలబడింది. "ఎన్వీ అంటే ఓర్వలేనితనం. దాదీ, గిది మన గోడకెందుకున్నది?"

అందరూ గోడను చూశారు. సర్వర్ బీ మాత్రం మొగిలవ్వను చూసింది.

"గోడకు రెండు దిక్కులుంటయ్ గద సర్వర్ బీ," అన్నది మొగిలవ్వ కాళ్ల వంక చూస్తూ. "గిది మా దిక్కుదే."

సర్వర్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ముందు ఎవరికి వచ్చిందో చెప్పలేం గానీ, ఆగడం ఇద్దరికీ చేతకాలేదు. ఊర్మిల, రజిత కలిసి ఆ ఒక్క పొయ్యి మీదే అందరికీ చాయ్ పెట్టారు. మిక్సీ సంగతి, కుట్టుమిషన్ సంగతి ఎవరూ ఎత్తలేదు. మహమూద్ ట్రాలీ ఖాళీగా తిరిగిపోయింది. పొట్లాలు విప్పాక ఊరికే పోకూడదని హన్మండ్లు గడపకు పసుపు రాసి, బొట్లు పెట్టి మరీ వెళ్లాడు.

సోమవారం సాయంత్రం బడి నుంచి పిల్లలిద్దరూ చేతులు పట్టుకొని వచ్చారు. సారు ఏ మాట అడిగినా ఇద్దరికీ మొగిలవ్వ ఇల్లే కళ్లముందు కదిలిందట. ఆఖరి మాట దగ్గర అలేఖ్య ఒక్క ఘడియ ఆలోచించింది, సుమయ్యా ఆలోచించలేదు. సుమయ్యా ఫస్టు, అలేఖ్య సెకండు.

వీధి చివర ఎవరో, "ఏమే మొగిలవ్వా, మీ పిల్లకు మల్ల ఫస్టు రాలేదటగా?" అన్నారు. మొగిలవ్వ ఈసారి తల దించలేదు. "ఫస్టచ్చిన పిల్ల ఎవలింట్ల సదివిందో కనుక్కోపో" అని, చిక్కుడుకాయల చాట ముందుకు లాక్కుంది.

సర్వర్ బీ మాత్రం గిన్నె పట్టుకొని వాడకట్టంతా ఖీర్ పంచుతూ, తన మనుమరాలు ట్యూషన్ లేకుండా ఇంట్లోనే చదివి గెలిచిందని అందరికీ చెప్పింది. ఎవరింట్లో అన్నది ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు.