తాయారుకి సొంత నొప్పి వచ్చింది

మా ఊళ్ళో పెళ్ళయిన మగవాడికి జబ్బు చేస్తే అది భార్య ఒంట్లోకి, అత్తమామలకి చేస్తే కోడలి ఒంట్లోకి వెళుతుంది. అప్పగింతల్లో పెళ్ళికూతురి చేతులు పాలలో ముంచి అత్తింటివాళ్ళ చేతుల్లో పెడతారు కదా, ఆ ఏర్పాటు అప్పుడే జరిగిపోతుంది. ప్రత్యేకంగా ఎవరూ చెప్పరు. భోజనాల హడావిడిలో ఎవరికీ గుర్తుండదు కూడా.

తాయారుకి పెళ్ళయిన వారానికే అత్తగారి మోకాళ్ళ నొప్పి వచ్చింది. తర్వాత మామగారికి నిద్ర పట్టకపోవడం, ఆపైన భర్త సూరిబాబు బీపీ, అతని చుట్టల దగ్గు. "మా ఆయన ఒంటికి ఇంతవరకూ సూది తగల్లేదు" అని తాయారు దగ్గుతూనే గొప్పగా చెప్పుకునేది.

ఈమధ్య గుండెల్లో పట్టేసినట్టు ఉంటోంది. ఇదెవరిదని ఇంట్లో ఒక్కొక్కళ్ళనీ అడిగింది. నాది కాదంటే నాది కాదన్నారు. అంటే తనదే. సొంత నొప్పి రావడం ఇదే మొదలు కాబట్టి, ఏం చెయ్యాలో తోచక వార్డు సచివాలయానికి వెళ్ళింది.

"నమోదు చెయ్యందే ఆసుపత్రిలో చూడరమ్మా," అన్నాడు గుమస్తా పరంధామయ్య. "నమోదు చేస్తే ఇంకొకరికి వెళ్ళిపోతుంది."

"మా ఆయనకి పంపచ్చాండీ?"

"మగాళ్ళ ఒళ్ళు తీసుకోదు. ఎప్పుడూ అలవాటు చెయ్యలేదు కదా. కూతురుందా?"

పరంధామయ్య కిటికీలోంచి చూశాడు. బయట స్కూటీ మీద హిమబిందు కూర్చుని ఉంది. డిగ్రీ రెండో సంవత్సరం.

"ఆ అమ్మాయేనా? ఒక్క వేలిముద్ర చాలు, ఇప్పుడే అయిపోతుంది."

తాయారుకి భయం వేసింది. తన గుండె గురించి కాదు.

"వద్దండీ. నాకేం లేదు. గ్యాసయ్యుంటుంది."

పరంధామయ్యకి ఇది కొత్త కాదు. "మీ వయసు ఆడవాళ్ళందరూ చివరికి ఈ మాటే అంటారమ్మా. అందుకే ఆడవాళ్ళ ఆరోగ్యంలో మన వార్డే జిల్లాకి ఫస్టు," అని గోడమీది ప్రశంసాపత్రం చూపించాడు. తాయారు కూడా తల ఎత్తి చూసి, బావుందండీ అంది.

బయటికొచ్చేసరికి హిమబిందు పొట్ట చేత్తో అదుముకుని హ్యాండిల్ మీదకి ఒంగి ఉంది. తల్లిని చూసి చటుక్కున నిటారుగా కూర్చుంది.

"ఏమన్నారమ్మా?"

"ఏం లేదన్నారు. నీకేమయిందే, అలా ఒంగిపోయావు?"

"నాకేం లేదమ్మా."

ఆ పిల్లకి ఇంకా పెళ్ళి కాలేదు. ఆ మాట ఎవరూ నేర్పలేదు. తాయారు నమ్మినట్టే తలూపి, మెట్టుమీంచి నెమ్మదిగా వెనక ఎక్కి కూర్చుంది. వంకాయలు తీసుకుని ఇంటికెళ్ళిపోయారు.