పత్తిగాడు పట్టిన పళ్ళెం

సంచిలో చివరి వస్తువు పెట్టేదాకా వెంకటరావమ్మ కళ్ళనీళ్ళు ఆపుకుంది. పాత దుప్పటి పెట్టింది, సొట్టగిన్నె పెట్టింది, గోమార్ల మందు సీసా పెట్టింది, ఉడకబెట్టిన గుడ్లు అరడజను గుడ్డలో చుట్టి పెట్టింది. మెత్తటి ఎర్ర రబ్బరు పళ్ళెం పెట్టబోయేసరికి మాత్రం చెయ్యి ఆడలేదు. ప్రయాణం మనిషిది కాదు, కుక్కది.

పత్తిగాడు తెల్లటి ఊరకుక్క. ఇరవై నెలలవాడు. అద్దంకి దగ్గర మిరపకాయలు ఆరబోసిన కళ్ళానికి కాపలా కావాలని మరిది చెంచయ్య వాణ్ణి అడిగాడు. ఆవిడ కొడుకు చైతన్యకృష్ణ మొహమాటం మనిషి. ఏదో పెళ్ళిలో, నోట్లో లడ్డూ ఉండగా, సరేనని తలూపేశాడు.

"గుంజ పాతించా వదినా. గొలుసు కూడా కొన్నా" అన్నాడు చెంచయ్య ఫోనులో, చంద్రహారం కొన్నంత సంబరంగా.

వెంకటరావమ్మ సర్దిన సంచులకు మంచి పేరు లేదు. భర్త యలమందయ్య "రెండ్రోజుల్లో వస్తా" అని గుంటూరు ఆసుపత్రికి వెళ్ళింది ఆవిడ సర్దిన సంచితోనే. సంచి ఒక్కటే తిరిగి వచ్చింది. అప్పటినుంచి వీధిలో ఎవరు చెప్పుల్లో కాళ్ళు పెట్టినా ఆవిడకు గుండె దడ.

ఆ ఎర్ర పళ్ళెం ఆర్నెల్ల కిందట మనవరాలు మాధురి తెచ్చింది. మాధురి మంగళగిరిలో ఆఫీసులో పనిచేస్తూ శని ఆదివారాలు ఇంటికి వస్తుంది. అక్కడ కుక్కలకు పళ్ళెం విసిరి పట్టించే ఆట చూసి, నియమాలన్నీ పెద్ద పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి నానమ్మ చేతిలో పెట్టింది. వెంకటరావమ్మ బడి మొహం చూడలేదు. బస్సు బోర్డులు, పొట్లాల కాగితాలు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకుంది. అందుకని కాగితం మీద ఏది కనబడినా ఆవిడకది శాసనమే.

ముందు డాక్టరుకు చూపించాలని ఉంది. చూపించింది. పశువుల డాక్టరు కుక్క తుంటి, మోకాళ్ళు నొక్కి చూసి, "ఎముకలు ముదరాలండి. పద్దెనిమిది నెలలు నిండేదాకా ఎగరనివ్వకండి" అన్నాడు. నిండిన తర్వాత మాత్రం నేలుండగా గాల్లోకి ఎందుకని వెంకటరావమ్మ ఆ ఎగరడమే రద్దు చేసేసింది. గట్టి పళ్ళెమైతే పళ్ళు అరుగుతాయని ఉంది. తనకు మిగిలిన నాలుగు పళ్ళతో కొరికి చూసి, ఫరవాలేదనుకుంది.

"ఆటకు ముందు పది నిమిషాలు నడిపించి ఒళ్ళు వేడెక్కించాలి నానమ్మా."

"గుంటూరు జిల్లాలో పుట్టినవాణ్ణి ఇంకా వేడెక్కించడమేంటే!"

అన్నదే గాని నడిపించింది. ఎండ రాకముందే లేచి, పత్తి మోళ్ళూ ముళ్ళూ లేని మెత్తటి నేల వెతికింది. వారం రోజులు ఆ పళ్ళెంలోనే పెరుగన్నం పెట్టి వాడికి దానిమీద ప్రేమ పుట్టించింది. తర్వాత నేలమీద దొర్లించింది. తర్వాత మోకాలెత్తులో విసిరింది. నోట్లోది లాక్కోకుండా ఇంకో పళ్ళెం చూపిస్తే మొదటిది వదిలేస్తాడని ఉంటే అలాగే చేసింది. వాడింకా ఆడదామంటుండగానే ఆట ఆపేసేది. చుట్టాలింటి నుంచి కూడా అప్పుడే లేచి రావాలని ఆవిడ అభిప్రాయం.

ఒక్క అలవాటు మాత్రం ఆవిడ సొంతం. పళ్ళెం గాల్లో మూడుసార్లు గుండ్రంగా తిప్పితే గాని ఆవిడ చెయ్యి వదిలేది కాదు.

"విసరమంటే హారతిస్తావేంటి నానమ్మా?"

"పెళ్ళికూతుళ్ళకీ పురిటాళ్ళకీ తిప్పీ తిప్పీ అరిగిపోయిన చెయ్యే ఇది. దానికి ఇంకోటి రాదు."

మూడు చుట్లయితే పరిగెత్తాలని పత్తిగాడికి అలా తెలిసింది. విసిరిన చేతికే తెచ్చివ్వాలనీ తెలిసింది. చేతిలోంచి వెళ్ళిపోయింది మళ్ళీ చేతికే వస్తుంటే, రోజూ చూసేదే అయినా, వెంకటరావమ్మ వాడి తల నిమిరి కళ్ళు తుడుచుకునేది.

ఎనిమిదింటికి వీధిలో హారన్ మోగింది. చెంచయ్య కొత్త మినీ వ్యానుకు పెదకాకాని గుళ్ళో పూజ చేయించుకుని అటునుంచి అటే వచ్చాడు. తెల్ల పంచె, తెల్ల లాల్చీ, నుదుట కుంకుమ.

"వదినా, కుక్కనెక్కించే ముందు బండికి దిష్టి తియ్యి. పెద్ద చెయ్యి. మాధురీ, నువ్వు వీడియో తియ్యమ్మాయ్."

మాధురి రెండు చేతులూ ఫోనుకే సరిపోయాయి. పత్తిగాణ్ణి పట్టుకోవాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. వెంకటరావమ్మ ఇత్తడి పళ్ళెంలో పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళు తెచ్చి బండి ముందు నిలబడింది. చెంచయ్య టైరు కింద నిమ్మకాయ పెట్టడానికి వంగాడు. ఆవిడ ఒకటి, రెండు, మూడు చుట్లు తిప్పి, నీళ్ళు పారబోయడానికి పళ్ళెం మోకాలెత్తుకు దించింది.

పత్తిగాడు నియమం తప్పలేదు. ఎగరలేదు. నాలుగు కాళ్ళూ నేలమీదే ఉంచి వచ్చి, పళ్ళెం అంచు పట్టుకుని లాగాడు. ఎర్రనీళ్ళన్నీ చెంచయ్య తలమీద కుమ్మరించినట్టు పడ్డాయి.

"ఓరి నీ!" అంటూ లేచిన చెంచయ్య పళ్ళెం లాక్కుని వీధి చివరికి గిరాటేశాడు. విసిరింది ఆయనే కాబట్టి పత్తిగాడు తెచ్చి ఆయనకే ఇచ్చాడు. ఆయన మళ్ళీ విసిరాడు. వీడు మళ్ళీ తెచ్చాడు. మూడోసారికి చెంచయ్య పంచె ఎగ్గట్టి పరుగు పెట్టాడు. వెనకాలే పత్తిగాడు, తెల్లటి మూతినిండా ఎరుపుతో.

ఎదురింటి ఆటో మీరా హుస్సేన్ పళ్ళు తోముకుంటూ బయటికొచ్చి చూసింది సరిగ్గా అప్పుడే.

"పెద్దమ్మా! పత్తిగాడు కరిచేశాడు! ఒళ్ళంతా పీకేశాడు!"

రెండు నిమిషాల్లో వీధి నిండింది.

"కరవలేదురా, ఎర్రనీళ్ళురా" అని వెంకటరావమ్మ మొత్తుకుంటోంది. కాని ఆవిడ వంగి చూస్తున్నది మరిది ఒళ్ళు కాదు, కుక్క పళ్ళు. ఇత్తడి తగిలి విరిగాయేమోనని ఆవిడ భయం. అది చూసి అందరికీ అనుమానం బలపడింది.

ఎవరో దోసెడు కొత్త కారం తెచ్చారు. "కుక్కకాటుకు కారం అద్దాలి. విషం లాగేస్తుంది!"

"దగ్గరికొస్తే చంపేస్తా!" అని చెంచయ్య వ్యానెక్కబోయాడు.

"కారం తప్పు. సబ్బుతో కడగాలని ఆసుపత్రిలో బోర్డుంది" అని మీరా హుస్సేన్ ఆయన్ని చేతిపంపు కింద కూర్చోబెట్టి, బట్టల సబ్బు అరిగేదాకా రుద్దించాడు. గాయం ఎక్కడా కనబడలేదు.

"అయితే లోపలెక్కడో ఉంది" అన్నారు జనం.

"బాబాయ్, ఈ మంచినీళ్ళు తాగు" అని మీరా హుస్సేన్ గ్లాసిచ్చాడు. ముక్కులోకీ నోట్లోకీ సబ్బు నురగ పోయిన చెంచయ్య ఆ గ్లాసు విసిరి కొట్టాడు.

వీధి మొత్తం రెండడుగులు వెనక్కి వేసింది.

"నీళ్ళంటే భయపడుతున్నాడ్రోయ్!"

ఆ తర్వాత ఆయన ఎంత అరిస్తే జబ్బు అంత ముదిరినట్టు లెక్క. నలుగురు పట్టి ఆటోలో వేశారు. వెంకటరావమ్మ, మాధురి వెంట వెళ్ళారు.

ఆసుపత్రిలో నర్సు షాహిస్తా నిదానంగా అడిగింది. "కరిచిందా?"

"లేదు!" అన్నాడు చెంచయ్య.

"లేదు తల్లీ" అంది వెంకటరావమ్మ.

"సూదంటే భయమున్నవాళ్ళూ అదే చెప్తారు, కుక్కంటే ప్రాణమున్నవాళ్ళూ అదే చెప్తారు" అంది షాహిస్తా. "మరి పిక్క మీద ఆ గీరుడేంటి?"

"వ్యాన్ తలుపు గీసుకుందమ్మా!"

"ఆ తలుపు కూడా కరుస్తుందా?"

మాధురి చిన్నతాతయ్యను కాపాడదామని వీడియో చూపించింది. పళ్ళెం సంగతి జరిగినప్పుడు ఫోను బెదిరి ఆకాశాన్ని తీసింది. మిగతాదంతా చక్కగా పడింది. ఎర్రగా తడిసిన మనిషి పరుగు, ఎర్ర మూతితో కుక్క తరుముడు.

షాహిస్తా ఇంకేం మాట్లాడకుండా సూది తీసింది. పోటు అయ్యాక కాగితం రాస్తూ అంది. "పది రోజులు కుక్కను కనిపెట్టి చూడాలి. ఉన్నచోటు నుంచి కదిలించకూడదు. వేరే ఊరికి అసలే పంపకూడదు. విన్నారా మామ్మగారూ?"

వెంకటరావమ్మ వింది. జీవితంలో ఆవిడతో ఎవరూ అంత మంచి మాట చెప్పలేదు. ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. మరిదికి సూది పడిందని ముసలమ్మ అంత బాధపడుతోందని షాహిస్తా నొచ్చుకుని, మంచినీళ్ళిచ్చింది.

చెంచయ్య మొండివాడు. ఇంటికి తిరిగొచ్చి వ్యానెక్కుతూ వేలు చూపించాడు. "మార్చి పన్నెండుతో పది రోజులూ అయిపోతాయి వదినా. ఆ రోజే వస్తా. మాటంటే మాటే!"

ఆవిడ రోజులు లెక్కపెట్టుకుంది. ఈలోగా షాహిస్తాకు జున్ను పంపింది. మీరా హుస్సేన్ ఇంటికి గోంగూర పచ్చడి జాడీ మోసుకెళ్ళింది. "నేనేం చేశాను పెద్దమ్మా, తప్పుగా అరిచాను" అని అతను సిగ్గుపడితే, "అలాగే అరువు నాయనా, నీ గొంతు చల్లగుండ" అని దీవించింది. తప్పు చూసిన కంటికీ, వినిపించుకోని చెవులకీ, ఆకాశాన్ని చూసిన ఫోనుకీ కూడా రోజూ పొద్దున్నే దణ్ణం పెట్టుకుంది. పత్తిగాడికి ఆట మానలేదు. పది నిమిషాల నడక, మోకాలెత్తు విసురు, వాడింకా కావాలంటుండగా ఆపడం.

పన్నెండో తేదీ తెల్లవారకముందే అరుగుమీద కూర్చుంది. ఎన్నో ఏళ్ళుగా రావలసినవాళ్ళ కోసం ఆ వీధి చూసిన మనిషి, రాకూడని మనిషి కోసం చూడటం అదే మొదలు. ఏ హారన్ మోగినా కుక్క మెడ చుట్టూ చెయ్యి వేసేది. మధ్యాహ్నం మాధురి మంగళగిరి నుంచి ఫోను చేసింది.

"నానమ్మా, వీధిలో ఎవరో నా దగ్గర తీసుకున్న ఆ వీడియో అద్దంకి దాకా పంపారట. చిన్నతాతయ్య ఎవరింటికి వెళ్ళినా ముందు మంచినీళ్ళిచ్చి, తాగుతాడా లేదా అని నిలబడి చూస్తున్నారట. మన కుక్క పేరెత్తితే మండిపడుతున్నాడట."

"పాపం" అంది వెంకటరావమ్మ, మనస్ఫూర్తిగానే. మరిది ఒళ్ళు బాగుండాలని పెదకాకాని వైపు తిరిగి మొక్కుకుంది కూడా. అయినా అరుగు దిగలేదు. దీపాలు పెట్టేవేళ దాకా అక్కడే ఉంది.

మార్చి పన్నెండున వస్తానన్న చెంచయ్య ఆ రోజు రాలేదు, ఆ తర్వాతా రాలేదు.