సాలెపురుగు ఉండగా టెస్టులెందుకు?

మన వైద్యాన్ని నిలబెడుతున్నది ఎవరనుకుంటున్నారు? డాక్టర్లా? స్కానింగ్ మెషీన్లా? కాదండీ, సాలెపురుగు! ఒంటి మీద ఏది వాచినా, ఎక్కడ చీము పట్టినా నేరం తన నెత్తిన వేసుకుంటుంది. లాయర్ని పెట్టుకోదు, బెయిల్ అడగదు!

పుంగనూరు దగ్గర ఆవులు పెట్టుకుని పాలు పోసే గంగాధరాన్నే చూడండి. ఒక పొద్దున కుడి పాదం మీద ఎర్రగా పొక్కు లేచింది. ఏదీ కరిచిన గుర్తు లేదు. భార్య సుధారాణి మాత్రం కేసు అక్కడికక్కడే తేల్చేసింది.

"సాలెపురుగే!"

"నువ్వు సూసినావా?"

"కనపడి కరిసేదానికి అదేమన్నా కుక్కనాప్పా?"

ఇంత గట్టి సాక్ష్యం ఏ కోర్టులో దొరుకుతుంది చెప్పండి!

పుంగనూరు మందుల షాపాయన ఫోన్లోంచి తలెత్తకుండానే "స్పైడర్ బైట్" అన్నాడు. తనని కరిచింది ఇంగ్లీషు పురుగని తెలిసి గంగాధరానికి కాస్త గౌరవంగా కూడా అనిపించింది. మంత్రం వేసే చిన్నస్వామి వేపమండతో దులిపి, తొమ్మిది రోజులు పథ్యం పెట్టాడు. ఉప్పూ కారం ముట్టకూడదు. బెల్లమన్నం, బెల్లం కాఫీ ఎంతైనా లాగించొచ్చు!

గంగాధరం శ్రద్ధగా తిన్నాడు. పాదం అంతకన్నా శ్రద్ధగా వాచింది. బొటనవేలు నల్లబడింది.

మదనపల్లెలో ఒక క్లినిక్కుకు వెళ్లాడు. "ఏం కరిచింది?" అన్నాడు డాక్టరు. "సాలెపురుగు సార్." డాక్టరు అదే రాసుకున్నాడు. పేషెంటే జబ్బు పేరు చెప్పేస్తుంటే మధ్యలో కాలు చూడటం మర్యాదేనా?

తొమ్మిదో రోజుకి ఒళ్లు కాలిపోతుంటే కుప్పంలో ఉండే కూతురు శాలిని అక్కడి ఆసుపత్రికి లాక్కెళ్లింది. డాక్టర్ మాధవీలత మొట్టమొదట ఆయన చేతివేలు పొడిచి రక్తం చూసింది. షుగర్ నాలుగు వందల పన్నెండు!

"షుగర్ ఎన్నేళ్లుగా ఉంది?"

"నాకుండేది సాలెపురుగమ్మా, షుగర్ కాదు!"

బొటనవేలు తీసేశారు. మోకాలి దాకా పోవలసిన కాలు నిలబడింది. ఇంటికి పంపేటప్పుడు కాగితంలో "పుండుకు కారణం: తెలియదు" అని రాసిందామె. ముల్లో, ఆవు గిట్టో, చెప్పు రాపిడో, ఇప్పుడెవరు చెప్పగలరు?

సుధారాణికి మండిపోయింది. "ఇంత సదివి ఇది కూడా తెలీదంట! మా షాపాయనకి సూడకుండానే తెలిసిపాయె!"

ఆమె కోపం న్యాయమే కదండీ! అంతా తెలిసినవాళ్లు కలిసి వేలొక్కటే పోగొట్టారు. ఏమీ తెలియదన్నావిడ కాలు మొత్తం మిగిల్చింది!