సముద్రం ఒడ్డున సున్నుండలు

ముప్పై ఏళ్ళుగా కోదండరామయ్య మధ్యాహ్న భోజనం సొంత వంటింట్లో, గోడవారగా వేసిన పీట మీదే జరిగింది. తుఫాను వచ్చినా, కాలవకి గండి పడినా ఆ పీట మారలేదు. అలాంటి మనిషి వైశాఖమాసంలో ఒక గురువారం పొద్దున్నే తెల్లపంచె కట్టుకుని, సముద్రం ఒడ్డున హోటల్లో భోంచెయ్యడానికి బయల్దేరాడు.

సరదాకి కాదు. ఆయనకి సరదాలు లేవు. పై వారం చెల్లెలు రత్నకుమారి కూతురి పెళ్ళి. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపంలోకి మోసుకురావాల్సింది మేనమామ. ఆ మేనమామకి ఇంతవరకు శుభలేఖే అందలేదు. బుట్ట మొయ్యడానికి రత్నకుమారికి వరసకి అన్నయ్యయ్యే అబ్బాయిరాజుని మాట్లాడారని కోదండరామయ్య ఊరు ఉంగుటూరంతా చెప్పుకుంటున్నారు. అబ్బాయిరాజు తన పొట్టే తను మొయ్యలేడు.

గొడవ కోదండరామయ్య భార్య వెంకటలక్ష్మికీ, రత్నకుమారికీ. నాలుగేళ్ళ కిందట తాడేపల్లిగూడెంలో రత్నకుమారి కొత్తింటి గృహప్రవేశం జరిగింది. పాలు పొంగగానే వెంకటలక్ష్మి, అందరూ వింటుండగా, "అయ్యో, పడమటికి పొంగాయే!" అంది. పాలు పడమటికే పొంగాయి. ఆమె నిజమే చెప్పింది. కొన్ని నిజాలకి ఆ పూట సెలవివ్వాలి. ఆమె ఇవ్వలేదు. ఆ రోజు నుంచి రెండిళ్ళ మధ్యా రాకపోకలు లేవు.

మధ్యలో నలిగిపోయింది రత్నకుమారి మొగుడు శ్రీహరి. చివరికి ఆయనే ఒక ఉపాయం ఆలోచించాడు.

"మీ ఇంటికి మీ చెల్లెలు రాదు. మా ఇంటికి మీరు రారు. సముద్రం ఎవరిదీ కాదు కదండీ బావగారూ! పేరుపాలెం ఒడ్డున వీరదుర్గ అని ఒకావిడ హోటలుంది. ఆవిడ పండుగప్ప చేపల పులుసు తింటూ ఎవరూ పోట్లాడుకోలేరు. మేం కార్లో వస్తాం. మీరు బస్సులో వచ్చెయ్యండి."

"కార్లో చోటు లేదా?"

"చోటుందండీ. మీ చెల్లెలే ఒప్పుకోవడం లేదు."

బయల్దేరేటప్పుడు వెంకటలక్ష్మి ఒక చిన్న కొత్త కుండ తెచ్చి చేతిలో పెట్టింది. మూతికి తెల్లగుడ్డ గట్టిగా కట్టి ఉంది.

"ఏంటిది?"

"సున్నుండలు. రత్నానికి ఇష్టమని కాదు. అన్నయ్య ఖాళీ చేతుల్తో వచ్చాడని రేపు ఊరంతా చెబుతుంది."

"స్టీలు డబ్బాలో పెట్టొచ్చు కదా!"

"డబ్బా అయితే తిరిగివ్వాలన్న వంకన గుమ్మం ఎక్కుతుంది. కుండైతే ఆ బెంగ లేదు. దారిలో కింద పెట్టకండి. నెయ్యి తక్కువ వేశాను, చిదిగిపోతాయి."

"తక్కువెందుకేశావు?"

"నాలుగేళ్ళు మాట్లాడని మనిషికి అంత నెయ్యి చాలు."

ఇంకో సంగతుంది. మేనకోడలికి సంబంధం కుదిరితే తలనీలాలిస్తానని కోదండరామయ్య చిన్న తిరుపతి వెంకన్నకి మొక్కుకున్నాడు. పెళ్ళికి పిలవకపోయినా మొక్కు మొక్కే. మొన్ననే వెళ్ళి తీర్చుకొచ్చాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే అలవాటు లేదు.

నున్నటి గుండు, తెల్లపంచె, ఒళ్ళో తెల్లగుడ్డ కట్టిన కొత్త కుండ, ప్రయాణం సముద్రానికి. ఈ నాలుగూ కలిపి చూస్తే గోదావరి జిల్లాలో చంటిపిల్లాడు కూడా చెబుతాడు, ఎవరివో అస్థికలు కలపడానికి వెళుతున్నాడని. కోదండరామయ్యకి మాత్రం ఆ ఆలోచన రాలేదు. ఎవరి గుండు వాళ్ళకి కనబడదు.

భీమవరంలో బస్సు మారాడు. కండక్టరు టిక్కెట్లు కొడుతూ వచ్చి, "ఎందాకండీ?" అన్నాడు.

"సముద్రానికి."

కండక్టరు గుండుని చూశాడు, కుండని చూశాడు. గొంతు తగ్గించాడు. "ఒళ్ళోనే ఉంచుకోండి బాబూ. కింద పెట్టకూడదు."

"మా ఆవిడా అదే చెప్పింది, కింద పెట్టొద్దని" అన్నాడు కోదండరామయ్య.

కండక్టరు కళ్ళు చెమర్చాయి. "అంత వివరంగా చెప్పి పెట్టారా! పుణ్యాత్మురాలండీ" అని ముందుకెళ్ళి డ్రైవరు చెవిలో ఏదో చెప్పాడు. బస్సులో పాట ఆగిపోయింది. పక్క సీటులో ఆయన లేచి, కాళ్ళు చాపుకోమన్నాడు. ఎవరో ముసలమ్మ చల్లటి సోడా కొనిచ్చింది. గతుకులొచ్చినప్పుడల్లా డ్రైవరు ముందే వెనక్కి తిరిగి, "జాగ్రత్తండీ, కుండ!" అని హెచ్చరించాడు.

లోకం పాడైపోయిందని ఇన్నేళ్ళూ కోదండరామయ్య ఘోషించాడు. ఇంట్లోంచి బయటికి రాకుండా అనడం తప్పని ఇప్పుడు తోచింది. ఎంత మర్యాద! సున్నుండలంటే జనానికి ఇంత గౌరవం ఉందని ఆయన ఎరగడు.

వెనక సీటులోంచి ఒక పెద్దాయన వంగి నమస్కారం పెట్టాడు. భుజాన సంచీ, నుదుట విభూతి. "నన్ను సోమయాజులంటారండీ. పేరుపాలెంలో ఇవన్నీ నేనే చూస్తుంటాను. ఏ లోటూ రానివ్వను."

హోటలు తరఫు మనిషి కాబోలనుకున్నాడు కోదండరామయ్య. "సరే, మీరే చూడండి. నలుగురం ఉంటాం" అన్నాడు. తనూ, చెల్లెలూ, బావా, కారు డ్రైవరూ.

మొగల్తూరులో బస్సాగినప్పుడు సోమయాజులు దిగి, ఎస్టీడీ బూత్ నుంచి వీరదుర్గ హోటలుకి ఫోన్ చేశాడు. "అమ్మాయ్, బస్సులో ఒక పెద్దాయన భార్య అస్థికలతో వస్తున్నాడు. నలుగురి భోజనాలు. చేపల దాకలు దించెయ్యి."

వీరదుర్గ లాంటి ఆడదాన్ని కోదండరామయ్య అంతకు ముందు చూడలేదు. తాటాకు పాక, నాలుగు బల్లలు, ఇసకలో పొయ్యిలు. వాటి మధ్య ఆవిడ నిలబడితే చాలు, పని దానంతటదే జరుగుతున్నట్టుంది. ఫోనొచ్చిన కాసేపట్లో పులుసు దాకలు పక్క పాకకి వెళ్ళిపోయాయి. నేల కడిగారు. కొత్త గిన్నెలో పప్పు పడింది. అప్పటికే పులుసు కోసం కూర్చున్న భీమవరం కుర్రాళ్ళని ఆవిడ ఒక్క మాట గట్టిగా అనకుండా లేపి, పక్క పాకకి పంపి, వాళ్ళ చేతే ఒక బల్ల గాలి తగిలే వైపు జరిపించుకుంది.

"రండి బాబుగారూ. ఈ గాలికి కూర్చోండి" అంది, బస్సు దిగి వచ్చిన కోదండరామయ్యతో.

"పండుగప్ప పులుసు ఉందన్నారు."

వీరదుర్గ ఆయన మొహంలోకి జాలిగా చూసింది. "ఈ పూట వద్దండీ. ఆవిడకి ఇష్టమాండీ?"

"ఎవరికి, మా ఆవిడకా? ప్రాణం."

"అయితే నెల తిరిగాక రండి. ఆవిడ పేరు చెప్పి నేనే వండి పెడతాను. ఇవాళ పప్పుచారు తినండి."

అడిగింది లేదన్నా మనిషిని తృప్తిగా కూర్చోబెట్టడం అందరికీ చేతకాదు. కోదండరామయ్య వెళ్ళి గాలికి కూర్చున్నాడు. అరవై కిలోమీటర్లు వచ్చి ఇంట్లో తినే పప్పుచారే తినబోతున్నందుకు కోపం రావాలి. రాలేదు.

అప్పుడే శ్రీహరి కారు రోడ్డు మీద ఆగింది. సోమయాజులు ఎదురెళ్ళాడు. "మీరేనా బంధువులు? రండి. పాపం, ఆయన ఒక్కరే భార్య అస్థికలు మోసుకొచ్చారు. కంట తడి కూడా పెట్టడం లేదు. అలాంటివాళ్ళకే లోపల బాధెక్కువ."

రత్నకుమారి చెప్పులు వదిలేసి కాలుతున్న ఇసకలో పరిగెత్తుకుంటూ వచ్చింది. అన్నయ్య గుండు చూసింది. ఒళ్ళో కుండ చూసింది. అక్కడే కూలబడింది.

"వదినా! నాకు కబురైనా లేకుండా పోయావా వదినా! పచ్చకామెర్లతో నేను పడుంటే పసరుమందు కోసం ఎండలో తణుకు దాకా వెళ్ళొచ్చావు కదే! నా పురిటికి మా అమ్మ కంటే ముందొచ్చి కూర్చున్నావు కదే! నీ పప్పుచారు కాగుతుంటే వీధి మొదట్లోకి వాసనొచ్చేది కదే!"

బల్లల దగ్గరి జనం లేచి చుట్టూ చేరారు. పక్క పాకలోంచి కుర్రాళ్ళు పులుసు చేతుల్తోనే వచ్చారు.

కోదండరామయ్యకి విషయం అప్పుడు అర్థమైంది. బస్సూ, సోడా, పప్పుచారూ అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. నోరు తెరిచాడు.

"పాలు పడమటికే పొంగాయన్నయ్యా!" అని రత్నకుమారి ఆయన మోకాళ్ళు పట్టుకుంది. "పొయ్యి వంకరగా పెట్టింది మా అత్తగారు. అందరూ చూశారు. ఒక్కళ్ళూ అనలేదు. ఉన్నదున్నట్టు చెప్పగలిగింది మా వంశంలో మా వదినొక్కతే!"

కోదండరామయ్య నోరు మూసుకున్నాడు. నాలుగేళ్ళుగా ఈ మాటలో సగం వినబడితే చాలనుకున్నాడు. బతికున్న మనిషి గురించి ఎవరూ ఇలా చెప్పరు. ఇప్పుడు ఆపితే మళ్ళీ దొరకదు. కాసేపు కానివ్వాలనుకున్నాడు.

శ్రీహరి సెల్ ఫోను తీసి బావగారింటికి కొట్టాడు. ఇంట్లో ఎవరున్నారో, మిగతా కార్యక్రమం ఎప్పుడో కనుక్కోవాలి కదా. అవతల ఫోనెత్తారు. శ్రీహరి "హలో" అన్నాడు, వాళ్ళ గొంతు విన్నాడు, మెల్లిగా ఇసకలో కూర్చుండిపోయాడు. చేతిలో ఫోను అలాగే ఉంది. రత్నకుమారి ఏడుపంతా అందులోకి వెళుతూనే ఉంది.

"ఇంక కానివ్వండి. సముద్రం పోటు మీదుండగానే కలపాలి" అని సోమయాజులు కుండ అందుకున్నాడు.

"ఆగండి! అది రత్నానిది" అని కోదండరామయ్య కుండ లాక్కుని గుడ్డ విప్పాడు. లోపల ఒక్క ఉండ లేదు. ఇంత జాగ్రత్తగా తెచ్చినా పొట్టుమినుముల సున్నుండలన్నీ చిదిగి నల్లటి పొడి అయిపోయాయి.

సోమయాజులు తొంగి చూశాడు. "ఒక్క పలుకు లేకుండా ఎంత చక్కగా కాలిందండీ!"

కోదండరామయ్యకి పెళ్ళాం మీద ఒళ్ళు మండింది. రుచైనా మిగిలిందో లేదో చూద్దామని చిటికెడు తీసి నోట్లో వేసుకున్నాడు. "తీపి బాగానే ఉంది. తిను రత్నం" అని కుండ చెల్లెలి వైపు చాపాడు.

జనం కెవ్వుమన్నారు. భీమవరం కుర్రాడొకడు తిన్న పులుసంతా సముద్రానికే ఇచ్చేశాడు. రత్నకుమారి వెనక్కి పాకింది. "మతి పోయింది! దిగులుతో మా అన్నయ్యకి మతి పోయింది!"

అందరూ వెనక్కి వెళుతుంటే ముందుకొచ్చింది వీరదుర్గ ఒక్కతే. కుండ తీసుకుంది, వాసన చూసింది, వేలితో కొంచెం అద్ది నాలిక మీద పెట్టుకుంది.

"సున్నుండలండీ. నెయ్యి తగ్గింది" అంది.

అప్పుడు శ్రీహరి ఫోను పైకెత్తాడు. "రత్నం... అక్కయ్యగారు లైన్లో ఉన్నారు."

రత్నకుమారి పామునందుకున్నట్టు ఫోను అందుకుంది.

"విన్నానే" అంది వెంకటలక్ష్మి గొంతు. "పప్పుచారు దగ్గర గాలి హోరులో సరిగ్గా వినబడలేదు. అక్కణ్ణుంచి మళ్ళీ చెప్పు."

రత్నకుమారి అన్నయ్య వైపు తిరిగింది. "నోరు లేదా నీకు? బతికే ఉందని ఒక్క ముక్క చెప్పలేవా?"

"చెబుదామనే అనుకున్నానమ్మా. నువ్వు చాలా బాగా చెబుతున్నావు."

ఒడ్డున ఉన్న జనమంతా రత్నకుమారినే చూస్తున్నారు. ఇంతమంది ముందు అన్న మాట ఇప్పుడు వెనక్కి తీసుకోవాలంటే, వాళ్ళందరినీ మళ్ళీ పోగెయ్యాలి. ఆమె కళ్ళు తుడుచుకుంది, ముక్కు చీదింది, తల పైకెత్తింది. ఆ ఎత్తడంలో ఒక రాణి ఉంది. చెల్లెల్ని చూసి కోదండరామయ్య గుండె ఉప్పొంగింది.

"పెళ్ళికి ముందురోజే వచ్చెయ్యి వదినా" అంది ఫోన్లో. "ఈ గుండాయన్ని కూడా తీసుకురా. పిల్లని బుట్టలో మొయ్యాలి. అబ్బాయిరాజుకి నేను చెప్పుకుంటాను."

"సరేలే. నేనేమీ పోలేదుగా, వస్తాను" అంది వెంకటలక్ష్మి.

వీరదుర్గ అప్పటికే పక్క పాకకి మనిషిని పంపింది. పండుగప్ప దాక తిరిగొచ్చి పొయ్యెక్కింది. నలుగురికీ విస్తళ్ళు పడ్డాయి. అన్నా చెల్లెళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారు.

జనం చెదిరిపోయారు. సోమయాజులు మాత్రం కదల్లేదు. సంచీ సర్దుకుని, శ్రీహరి పక్కన చేరి, పెళ్ళి చేయించడానికి పురోహితుడు కుదిరాడా అని అడిగాడు.