మెతుకు జారని కుట్టు

ఆ ఉదయం డాక్టర్ వగ్దీ వేసుకున్న పథకం చాలా సులువైనది. కైరో నుంచి పరీక్షకురాలిగా వచ్చే తన పాత శిష్యురాలికి ఇంట్లో భోజనం పెట్టడం, తర్వాత ఆస్పత్రికి తీసుకెళ్లి తాను కుట్టిన పేగును చూపించడం. పొట్ట కోయకుండా, చిన్న రంధ్రాల్లోంచి మలాశయానికి ఆపరేషన్ చేయడం ఆయన ఈ వయసులో నేర్చుకుంటున్నాడు. ఈ పరీక్ష పాసైతేనే అలెగ్జాండ్రియాలో ఆయన ఆపరేషన్ గది ఆయనకు మిగులుతుంది. సాధన కోసం ఇచ్చిన పెట్టెలోకి పొడుగాటి పరికరాలు దూర్చి, లోపలిది టీవీలో చూస్తూ ఎన్ని గొర్రె పేగులు పాడుచేశాడో! నిన్న ఒక్కటి కుదిరింది.

ఆస్పత్రి ఫ్రిజ్ చెడిపోవడంతో దాన్ని కాగితంలో చుట్టి ఇంటి ఫ్రిజ్‌లో దాచాడు. భార్య సఫీనాజ్‌కు చెప్పలేదు. చెబితే పేగుతోపాటు తననూ బయటికి గెంటుతుందని భయం.

మధ్యాహ్నం ఫ్రిజ్ తెరిస్తే పేగు లేదు. వంటింట్లోంచి ఘుమఘుమలు.

"ఇందులో పేగేదీ?"

"నీ శిష్యురాలికి పేగు ముంబార్ అంటే ప్రాణమని నువ్వే తెచ్చావుగా! బియ్యం కూరి, ఉడికించి, వేయించేశా. అయినా నీ కసాయి ఎంత దొంగ! చిరిగిన పేగు కుట్టి నీకు అంటగట్టాడు."

తన కుట్టున్న ముక్క ఏదా అని వగ్దీ మూకుడులోకి తొంగి చూశాడు. అంతలో గంట మోగింది.

వచ్చింది పరీక్షకురాలు నెవీన్. ఒకప్పుడు ఆమె, "మాస్టారూ, ఈ పద్ధతి ఇద్దరం నేర్చుకుందాం" అని బతిమాలితే, "టీవీ చూడటానికి మా ఇంట్లో సోఫా ఉందమ్మాయ్" అని నవ్వాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఆయనకు సిగ్గేస్తుంది.

కుట్టున్న ముక్కను వగ్దీ తన పళ్లెంలోకి లాక్కోబోయాడు. "అతిథి కంటే ముందు నీకా?" అంటూ సఫీనాజ్ దాన్ని నెవీన్‌కు వడ్డించింది. నెవీన్ ముక్కను పైకెత్తి తిప్పి తిప్పి చూసింది.

"ఆంటీ! ఉడికినా, వేగినా ఒక్క మెతుకు జారలేదు! ఎవరు కుట్టారిది?"

చిరిగిన పేగు అతిథికి పెట్టానని ఏ ఇల్లాలు ఒప్పుకుంటుంది?

"ఇంకెవరు, నేనే!"

వగ్దీ ముంబార్ ముక్కొకటి నోట్లో కుక్కుకున్నాడు. నిజం చెబితే, ఆస్పత్రి పేగును పరీక్షకురాలికి వండిపెట్టినట్టవుతుంది.

"మరి పరీక్షకు మీరు కుట్టిన పేగేది, మాస్టారూ?"

"పిల్లి... పిల్లి ఎత్తుకుపోయిందమ్మా."

"పర్లేదు, నా ముందే ఇంకోటి కుట్టండి."

ఆస్పత్రిలో కుట్టాడు. నీళ్లు పోస్తే కుట్టు పొడుగునా కారాయి.

"క్షమించండి, మాస్టారూ" అంది నెవీన్. ఆమె కళ్లు చెమర్చాయి.

"తప్పు నాదేనమ్మా. నువ్వు పిలిచిన రోజే రావలసింది."

ఆమె గుమ్మం దాకా వెళ్లి, మొహమాటంగా వెనక్కి తిరిగింది. "కొత్త బ్యాచ్‌కు కుట్టు నేర్పడానికి ఆంటీని ఒకసారి పంపిస్తారా?"

"అడిగి చెబుతాను" అన్నాడు వగ్దీ.