ఇన్‌ఛార్జి కుటుంబం

కుటుంబం దేశానికి పునాది. పునాది ఎల్లవేళలా నవ్వుతూ ఉండాలి!

ఈ మహావాక్యం కుటుంబ సంతోష శాఖ డైరెక్టరు గారి నోట వెలువడింది. వెలువడి ఊరుకుంటే బాగుండేది. సాయంత్రానికల్లా సర్క్యులర్ అయి ప్రతి బల్ల మీదా వాలింది. శాఖలోని అధికారులందరూ క్రిస్మస్ లోపల తమ తమ ఇళ్ళలోనే, తమ తమ కుటుంబాలతో, క్రిస్మస్ చెట్టు పక్కన, సహజంగా నవ్వుతూ ఫోటో దిగి పంపాలి. స్టూడియోలో నవ్విన నవ్వులు చెల్లవు. అన్నిటిలోకీ సంతోషకరమైన ఫోటోను శాఖ శుభాకాంక్షల కార్డు మీద అచ్చువేస్తారు. ఆ ఇంటి యజమానిని, ఎంతో కాలంగా ఇన్‌ఛార్జిలతో నెట్టుకొస్తున్న జాయింటు డైరెక్టరు కుర్చీలో శాశ్వతంగా కూర్చోబెడతారు. సొంత ఇంటినే నవ్వించలేనివాడు దేశాన్నేం నవ్విస్తాడని డైరెక్టరు గారి వాదన.

ఆ కుర్చీ మీద శాఖలోని ఒక ఉపాధికారికి ఎప్పటినుంచో కన్నుంది. అది గిర్రున తిరిగే కుర్చీ, చేతులున్న కుర్చీ. అందులో కూర్చునే ఇన్‌ఛార్జి టీకి వెళ్ళినప్పుడల్లా దుమ్ము దులిపే వంకతో కూర్చుని చూసేవాడు. ఒంటికి కొలిచి చేయించినట్టు సరిపోయింది. ఇక మిగిలిందల్లా ఇంట్లోవాళ్ళు నవ్వడమే.

ఇంట్లో ఉన్నది ముగ్గురు: తల్లి, ఆస్పత్రిలో నర్సుగా చేసే భార్య, మూడో తరగతి చదివే కూతురు. ముగ్గురూ బాగా నవ్వే మనుషులే. కాకపోతే ఉపాధికారి ఇంట్లో లేనప్పుడు నవ్వేవారు. కాబట్టి ఆ సంగతి ఆయనకు తెలిసే అవకాశం లేకపోయింది.

ఇంట్లో ఫోటోలు బాగా తీయడమెలాగో దొరికిన సలహాలన్నీ చదివేశాడు. వెలుతురు కిటికీలోంచి మొహాల మీద పడాలన్నారు, కర్టెన్లు పీకించాడు. వెనకాల చిందరవందరగా ఉండకూడదన్నారు; టీవీతో సహా సామానంతా పడగ్గదిలోకి నెట్టించాడు. కెమెరా కంటి ఎత్తులో ఉండాలన్నారు. ఇస్త్రీ బల్ల మీద డబ్బా, డబ్బా మీద డబ్బా పేర్చి దాన్ని పైకెక్కించాడు. ‘నవ్వమని అడగకండి, నవ్వును దానంతటదే రానివ్వండి’ అన్న సలహా దగ్గర మాత్రం ఆగిపోయాడు. దానంతటదే రావడమేమిటి? ఇన్నేళ్ళ సర్వీసులో ఏ ఫైలైనా దానంతటదే వచ్చిందా? ఆ సలహాను తోసిపుచ్చాడు.

కుర్చీలు సీనియారిటీ ప్రకారం వేయించాడు. ఎవరు ఎంత మేరకు నవ్వాలో ముందే తెలియజేశాడు. భార్య పెదవుల వరకు, కూతురు పళ్ళ వరకు. తల్లికి ముందు పళ్ళు రెండు లేవు కనక ఆవిడ నోరు మూసుకుని కళ్ళతో సరిపెట్టాలి.

“దేన్ని చూసి నవ్వమంటావురా?” అంది తల్లి.

“కెమెరాని చూసి.”

“అదేం చేసిందని?”

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన భార్య, కాళ్ళు లాగేస్తున్నా చెప్పిన కుర్చీలో చెప్పినట్టే కూర్చుంది. “మీరు ఇంటికొచ్చాక ఒక్కసారి మాతో కూర్చుని మాట్లాడితే ఇంత హడావిడి అక్కర్లేదండీ” అంది మెల్లగా. ఉపాధికారి సర్క్యులర్ మళ్ళీ తీసి చూశాడు. అందులో మాట్లాడాలని ఎక్కడా లేదు.

ఫోటోలు ఎలా వచ్చాయంటే, భార్య పన్ను పీకించుకోవడానికి వచ్చిన మనిషిలా ఉంది. తల్లి కోర్టులో సాక్ష్యం చెబుతున్నట్టు ఉంది. కూతురు అసలు లేనే లేదు; ఆ పిల్ల కూర్చున్న చోట ఏదో మసక కదిలింది. ఉపాధికారి ఒక్కడే నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆయనే కాస్త జడుసుకున్నాడు.

పోటీ గడువు దగ్గర పడింది. కుర్చీ చేజారుతుందన్న బెంగతో ఆయనకు అన్నం సహించలేదు. అప్పుడు ఆఫీసే ఆయనకు దారి చూపించింది.

ఆ శాఖలో పని ఆగడమన్నది ఎరగరు. గుమాస్తా సెలవు పెడితే టైపిస్టు ఇన్‌ఛార్జి గుమాస్తా. టైపిస్టు రాకపోతే డ్రైవరు ఇన్‌ఛార్జి టైపిస్టు. ఒకసారి ఆ డ్రైవరూ రాకపోతే లెక్కల అధికారి ఇన్‌ఛార్జి డ్రైవరై కారును తిన్నగా గోడకు కొట్టాడు. అయినా పని ఆగలేదు. ఏ కుర్చీ ఖాళీగా ఉండకూడదన్నదే సూత్రం, అందులో ఉన్నదెవరన్నది తర్వాతి మాట. ఆఫీసుకు పనికొచ్చిన ఏర్పాటు ఇంటికెందుకు పనికిరాదు?

గోడకు అవతలి పక్క వాటాలో ఒక దర్జీ కుటుంబం ఉంది. దర్జీ తల్లి కొత్తగా పళ్ళసెట్టు కట్టించుకుంది. అది అందరికీ కనబడాలని పొద్దస్తమానం నవ్వుతూనే ఉంటుంది. దర్జీ భార్య పెద్ద షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది, నవ్వడమే ఆవిడ ఉద్యోగం. వాళ్ళ కూతురిది ఉపాధికారి కూతురి వయసే.

ముందు తల్లి కుర్చీలోకి మాత్రమే ఇన్‌ఛార్జిని వేశాడు. అత్తగారు లేని ఫోటోలో నాకేం పనని భార్య లేచి వెళ్ళిపోయింది. అమ్మ లేకుండా నేను దిగనని కూతురు భీష్మించింది. దాంతో ఖాళీలన్నీ ఒకేసారి భర్తీ చేయాల్సి వచ్చింది. క్రిస్మస్ బట్టల తొందరలో ఉన్న దర్జీ మిషను మీంచి తల ఎత్తనైనా ఎత్తలేదు. “ముగ్గురినీ తీసుకెళ్ళండి సార్, కాసేపు ప్రశాంతంగా కుట్టుకుంటాను” అన్నాడు. మర్యాదకు లోటు రాకుండా ఇన్‌ఛార్జి భార్యకూ ఉపాధికారికీ మధ్య ఇన్‌ఛార్జి తల్లిని కూర్చోబెట్టారు.

ఫోటో అదిరిపోయింది. పళ్ళసెట్టు క్రిస్మస్ చెట్టు మీది దీపాలతో పోటీపడింది. చూసినవాళ్ళంతా ఇలాంటి కుటుంబంలో పుట్టలేదే అని బాధపడ్డారు. మొదటి బహుమతి దానికే వచ్చింది. అయితే డైరెక్టరు గారు నిక్కచ్చి మనిషి. సంతోషాన్ని క్షేత్రస్థాయిలో పరిశీలించనిదే కుర్చీ ఇవ్వరట. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం టీకి స్వయంగా ఇంటికే వస్తున్నామని కబురు పెట్టారు.

ఆ సాయంత్రం ఉపాధికారి తన తల్లినీ భార్యనూ కూతురినీ దర్జీ వాటాకు బదిలీ చేశాడు. గట్టిగా మాట్లాడవద్దన్నాడు. తప్పనిసరై ఇటు రావాల్సి వస్తే నాన్నా అనకూడదు, అంకుల్ అనాలని కూతురికి నేర్పాడు. ఆ పిల్ల రెండుసార్లు అని చూపించింది. భార్యకు కోపం రాలేదు. బాధ వేసింది. తను చేసిన కేకును సగానికి కోసి డైరెక్టరు గారి కోసం ఒక సగం బల్ల మీద ఉంచింది.

“మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు?” అని అడిగింది.

“ఆయన వెళ్ళగానే” అన్నాడు ఉపాధికారి. ఆవిడ మొహం చూస్తే ఆయనకూ గుండెలో కలుక్కుమంది. కానీ గుండెను తడుముకునేంత తీరిక లేదు, వీధిలో కారు ఆగింది.

డైరెక్టరు గారు చెట్టును చూశారు, దీపాలను చూశారు, నవ్వులను చూశారు. ఇంత సంతోషానికి రహస్యమేమిటమ్మా అని ఇల్లాలిని అడిగారు. దర్జీ భార్య అలవాటుకొద్దీ, “మా దగ్గర అన్నీ నాణ్యమైనవేనండీ, ఇంకేం చూపించమంటారు?” అంది. డైరెక్టరు గారు ముగ్ధులైపోయారు. కేకు ముక్క నోట్లో వేసుకుని ఇంకా ముగ్ధులయ్యారు. కుర్చీ ఇక మీదే, కొత్త సంవత్సరం దాకా ఆగక్కర్లేదు, ఈ క్షణం నుంచి మీరు జాయింటు డైరెక్టరని ప్రకటించేశారు.

అంతలో గోడ అవతల నుంచి నవ్వులు మొదలయ్యాయి. చిన్నా చితకా నవ్వులు కావు, కడుపు పట్టుకుని నవ్వే నవ్వులు.

“ఎవరండీ ఆ పక్కింటివాళ్ళు?” అన్నారు డైరెక్టరు గారు.

“ఎవరో దర్జీ కుటుంబం సార్. వాళ్ళతో మాకు రాకపోకలు లేవు.”

దర్జీ భార్య మొహాన నవ్వు మొదటిసారిగా మాయమైంది. ముసలావిడ పళ్ళసెట్టు టక్కున మూసుకుంది. ఇంతలో తలుపు కొట్టి ఉపాధికారి కూతురు లోపలికొచ్చింది. డైరెక్టరు గారి వంక ఒకసారి చూసి, తండ్రి వైపు తిరిగి నేర్పిన పాఠం తప్పకుండా అప్పజెప్పింది.

“అంకుల్, మేం ఫోటో దిగుతున్నాం, ఒకటి తీసిపెడతారా? మా నాన్న ఇంట్లో లేరు.”

దర్జీ కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి బజారుకు వెళ్ళాడు, తీసేవాళ్ళు లేరు మరి. వెళ్ళండి వెళ్ళండి, ఇరుగుపొరుగును సంతోషపెట్టడం మన శాఖ పనే కదా అన్నారు డైరెక్టరు గారు. ఉపాధికారి కెమెరా పట్టుకుని కూతురి వెంట నడిచాడు.

దర్జీ వాటాలో కిటికీకి కర్టెన్ లేదు. గుడ్డపేలికలు గదినిండా పడి ఉన్నాయి. తల్లి మిషను ముందర స్టూలెక్కి నిలబడి, “చుబుకం పైకి, పళ్ళ వరకే, మించితే చర్య తీసుకోబడును” అంటూ కొడుకును దించేస్తోంది. భార్య నవ్వలేక గోడకు ఆనుకుంది. ఆయన్ని చూసి కూడా ఎవరూ నవ్వు ఆపలేదు. తల్లి నోట్లో లేని రెండు పళ్ళ చోటు బాహాటంగా కనబడుతోంది. ఇంతందంగా ఉంటారా వీళ్ళు అనుకున్నాడు ఉపాధికారి. నిజంగానే అనుకున్నాడు.

భార్య కళ్ళు తుడుచుకుని కాస్త పక్కకు జరిగింది. మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వచ్చింది.

“మీరూ దిగుతారా?” అంది.

ఆయనకు వెళ్ళి ఆ చోట నిలబడాలనిపించింది. కెమెరాను మిషను మీద పెట్టి దానంతటదే తీసుకునేట్టు చేయడం ఆయనకు వచ్చు కూడా.

“డైరెక్టరు గారు ఎదురుచూస్తున్నారు” అన్నాడు.

భార్య మళ్ళీ జరిగి అత్తగారి భుజం మీద చెయ్యి వేసింది. కూతురు ఇద్దరి మధ్యా దూరింది. తల్లి ఆయన్ని మళ్ళీ ఏదో వెక్కిరించింది, ముగ్గురూ పగలబడి నవ్వారు, ఆయన బటన్ నొక్కాడు.

తిరిగొచ్చాక డైరెక్టరు గారు చెయ్యి చాచి కెమెరా అడిగి తీసుకున్నారు. ఆ ఫోటోను చాలాసేపు చూశారు.

“ఫోటో అంటే ఇదీ. వీళ్ళ ఫోటో పోటీకి వచ్చుంటే కుర్చీ మీకు దక్కేది కాదండోయ్” అని ఒకసారి నవ్వి, మళ్ళీ కళ్ళజోడు సరిచేసుకుని చూశారు. “నాన్న ఇంట్లో లేడని కదూ అంది ఆ పిల్ల? పాపం, ఆ లోటు ఒక్క మొహంలోనైనా కనబడటం లేదే!”

“లేదు సార్” అన్నారు కొత్త జాయింటు డైరెక్టరు గారు.