తరుగు తీసిన బరువు

మనిషి బరువుకు భూమ్యాకర్షణ శక్తి కారణమని బడిలో చెప్పిన మాట గద్వాలలో చెల్లదు. ఇక్కడ బరువు అనేది తూకం వేసేవాడి అభిప్రాయం. భూమి తన పద్ధతిలో లాగుతుంది, కాంటా తన పద్ధతిలో ఒప్పుకుంటుంది. ఆ రెండింటి మధ్య తేడాను తరుగు అంటారు. పల్లికాయ బస్తాలో మట్టి ఉంటుందని, తేమ ఉంటుందని, గోనెసంచికీ కొంత బరువు ఉంటుందని కొనే దుకాణంవారు ముందే గ్రహించి, తూకంలోంచి ఆ మేరకు తీసేస్తారు. (మట్టి నిజంగా ఉందో లేదో చూస్తే రైతును అనుమానించినట్టవుతుంది. అందుకని చూడరు. తీసేస్తారు.)

ఈ వ్యవస్థలోకి శ్రవణ్ కుమార్ అనే ఇరవై నాలుగేళ్ల యువకుడు స్వశరీరంతో ప్రవేశించాడు.

శ్రవణ్ ఒక పత్తి విత్తనాల కంపెనీలో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. కూర్చోవడంలో అతనికి మంచి పేరు ఉంది. ఒకరోజు కళ్లు తిరిగితే దవాఖానకు వెళ్లాడు. డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, షుగరు గడప దాకా వచ్చి నిలబడిందని చెప్పింది. ఎనభై రెండు కిలోల్లోంచి ఒక ఐదు మెల్లగా తగ్గితే అది తిరిగి పోవచ్చని, లేకుంటే బిళ్ళలు మొదలుపెట్టాలని అంది. ఉపవాసాలు వద్దు, డబ్బాల్లో అమ్మే పొడులు వద్దు, రోజూ నడువు, అన్నం కొంచెం తగ్గించి కూర పెంచు, సాయంత్రం మిర్చిబజ్జీ మానెయ్ అంది. ఇంత మామూలు సలహాకు రోగం ఎలా భయపడుతుందో శ్రవణ్‌కు అర్థం కాలేదు. అయినా ఒప్పుకున్నాడు. తండ్రి వెంకట్రాములు షుగరుతో అరికాళ్లు మండి, తడిబట్ట చుట్టుకుని కూర్చోవడం అతను చాలా ఏళ్లుగా చూస్తున్నాడు.

ఇంట్లో ఆహార శాఖ తల్లి అలివేలమ్మది. ఆ శాఖ నిబంధనల ప్రకారం మొదటి 'వద్దు' మొహమాటం, రెండోది అలక, మూడోది జ్వరం. నాలుగో 'వద్దు'కు నిబంధన లేదు, అప్పటికే అన్నం కంచంలో పడిపోతుంది గనుక.

ఇక బరువు చూసుకునే మిషన్ కొందామంటే వెంకట్రాములు నవ్వాడు. తాను ఏటా పల్లికాయ అమ్మే సేటు దుకాణంలో అంత పెద్ద కాంటా ఉండగా కొత్తది ఎందుకన్నాడు. రోజూ కోట దాకా పదిరోజులు నడిచాక శ్రవణ్ వెళ్లి ఆ కాంటా ఎక్కాడు. అక్కడ తూకం వేసేది కురుమయ్య. అంకెలు వెలిగే పలక సేటు కూర్చునే గద్దె వైపు తిరిగి ఉంటుంది. (అంకెలు చూస్తే రైతు మనసు కలత చెందుతుందని దుకాణంవారి మనస్తత్వ పరిశీలన.) కురుమయ్య పలక చూసి, క్షణం ఆలోచించి, గొంతెత్తి ప్రకటించాడు.

"డెబ్బై తొమ్మిది!"

మనిషికి తగ్గడంకన్నా తగ్గానని వినడం ఎక్కువ అవసరం. విన్నాక, తగ్గే బాధ్యత ఎవరిదో తెలియకుండా పోతుంది. శ్రవణ్ నడక కోట దాకా వెళ్లేది కాస్తా కూరగాయల మార్కెట్ దగ్గరే ఆగింది. మిర్చిబజ్జీతో సంబంధాలు గౌరవప్రదంగా పునరుద్ధరించబడ్డాయి. కొడుకు మూడు కిలోలు పోగొట్టుకున్నాడని విన్న అలివేలమ్మ నష్టపరిహారంగా పప్పులో నెయ్యి పెంచింది.

తుఫాను జల్లు పడిన ఒక రోజు మళ్లీ ఎక్కాడు. కురుమయ్య డెబ్బై ఏడన్నాడు. లక్ష్యం నెరవేరింది. పక్కింటి సాయమ్మ అలివేలమ్మను పక్కకు పిలిచి, పిల్లగాడు బక్కగైండు, ఏమన్న రోగమా అని గుసగుసగా అడిగింది. అదే వారం శ్రవణ్ ప్యాంటు గుండీ ఊడిపోయింది. అతను దర్జీని తప్పుపట్టాడు. (గుండీకి తరుగు సంగతి తెలియదు.)

పల్లికాయ ఊళ్లోకి వచ్చే కాలానికి అతను ధీమాగా దవాఖానకు వెళ్లాడు. అక్కడి మిషన్‌లో అంకెలు ఎక్కినవాడి వైపే ఉంటాయి. ఎనభై మూడు. మిషన్ తప్పేమో అన్నాడు. డాక్టరమ్మ తాను ఎక్కి చూపించింది, ఏ తప్పూ లేదు. షుగరు గడప మీద కాలు పెట్టిందని, మూడు నెలలు చూసి బిళ్ళలు రాస్తానని అంది.

అతను తిన్నగా దుకాణానికి వచ్చాడు. వెంకట్రాములు ఆరోజే బస్తాలు తెచ్చి వరస కోసం కూర్చున్నాడు. శ్రవణ్ అడిగితే కురుమయ్య ఏమీ దాచలేదు.

"తొలిసారి ఎనభై రెండు సూపింది. బట్టలకో కిలో, చెమటకో కిలో, దుమ్ముకో కిలో తీసిన. రెండోసారి ఎనభై మూడు. వాన పడ్డది గద, తేమకింద ఇంకో మూడు జాస్తి తీసిన."

"అసలు తూకం చెప్పొద్దా మామా?"

"అసలు తూకమా?" కురుమయ్య నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఇన్నేండ్లల్ల ఒక్కడన్న అడిగిండా?"

శ్రవణ్ తండ్రి వైపు చూశాడు. ఆయన ముఖంలో కోపం లేదు. చదువుకున్న కొడుక్కి ఇంత చిన్న విషయం తెలియనందుకు కొంచెం జాలి ఉంది.

"తరుగు తియ్యకుంట తూకమెట్లయితదిరా?" అన్నాడు.

ఈలోగా వరస వచ్చింది. హమాలీలు మొదటి బస్తా కాంటా మీద పెట్టారు. శ్రవణ్ పలకను తమ వైపు తిప్పుదామని చెయ్యి చాచాడు. వెంకట్రాములు ఆ మణికట్టు పట్టుకున్నాడు. అది పొలంలో పనిచేసిన చెయ్యి, కూర్చునే ఉద్యోగం దాన్ని వదిలించుకోలేకపోయింది.

"సేటు ముంగట ఇజ్జత్ తియ్యకు," అన్నాడు మెల్లగా.

కురుమయ్య పలక చూసి, క్షణం ఆలోచించి, గొంతెత్తాడు. వెంకట్రాములు తల ఊపాడు. రెండో బస్తా ఎక్కింది.

శ్రవణ్ ఆ సాయంత్రం కోట దాకా నడిచి వచ్చాడు, మర్నాడూ వెళ్లాడు. ఐదు కిలోలు తగ్గడానికి నెలలు పడతాయని డాక్టరమ్మ అంచనా. వెంకట్రాములు బస్తాలు ఒక్క అడుగు నడవకుండా ఆ పూటే తగ్గాయి.